పక్కకు తప్పుకున్న మహారాజు

(కల్నల్ సి.కె. నాయుడు స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



కొఠారి కనకయ్య నాయుడు గారి పేరు మీద మాట్లాడమని పిలిచి, విషయం మీ ఇష్టం అన్నారు. నేను డబ్బు గురించి మాట్లాడతానన్నాను. పిలిచినవాళ్లు కాస్త ఇబ్బంది పడ్డారు. నాయుడు గారి పేరు వినగానే మనకు లార్డ్స్ మైదానం, తెల్ల దుస్తులు, నిటారైన ఆ విగ్రహం కళ్ల ముందు కదులుతాయి గాని రూపాయి గుర్తుకు రాదు. కానీ ఆయన జీవితాన్ని జాగ్రత్తగా చదివితే, ఆటకు డబ్బు ఎవరు పెట్టాలి, పెట్టినవాడు బదులుగా ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు అన్న ప్రశ్న ఆయన్ను మొదటి నుంచీ వెంటాడుతూనే ఉందని తెలుస్తుంది. ఇవాళ వేలంపాటల గురించి, ఫ్రాంఛైజీల గురించి, రంజీ ట్రోఫీ గతి గురించి మనం పడుతున్న వాదన ఆ ప్రశ్నకు కొనసాగింపు మాత్రమే.

ముందుగా ఒక అపోహను పక్కన పెడదాం. బంతిని గాల్లోకి లేపడమంటే ఆటను చెడగొట్టడమేనని బాధపడే పెద్దలు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు 1926 డిసెంబర్ 1 నాటి బొంబాయి జింఖానా మైదానాన్ని గుర్తుచేస్తాను. ఆర్థర్ గిలిగన్ నాయకత్వాన వచ్చిన ఎంసీసీ జట్టు మీద హిందూ జట్టు ఆడుతోంది. అవతల మారిస్ టేట్ లాంటి బౌలర్ ఉన్నాడు. నాయుడు గారు రెండు గంటలు తిరక్కుండా 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. కబురు ఊళ్లోకి పాకి, జనం పనులు వదిలేసి మైదానం చుట్టూ మూగారని ఆనాటివాళ్లు రాసుకున్నారు. మనవాళ్లు ఇంగ్లండ్‌తో సమానంగా ఆడగలరన్న నమ్మకం ఆ పర్యటనతోనే బలపడింది. 1928 డిసెంబర్‌లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న మన జట్టు మొదటి టెస్టు కోసం లార్డ్స్‌లో దిగింది.

అంటే మన క్రికెట్ సంప్రదాయానికి పునాది రాళ్లలో ఆ పదకొండు సిక్సర్లు కూడా ఉన్నాయి. సిక్సర్‌ను సంప్రదాయానికి పగవాడిగా నిలబెట్టే వాదం నాకు ఎన్నడూ రుచించలేదు. తెల్ల దుస్తులు, ఎర్ర బంతి, పగటి వెలుగు అలవాట్లు. అవి మారినా ఆట బతుకుతుంది. పోతే ఆట నిలవనిది వేరే ఉంది, దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

నాయుడు గారికి అన్నం పెట్టిందెవరు? 1923లో ఇండోర్ సంస్థానాధీశుడు తుకోజీరావ్ హోల్కర్ ఆయన్ను నాగపూర్ నుంచి పిలిపించుకుని తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. కల్నల్ అన్న బిరుదు ఆ కొలువులో వచ్చిందే. యుద్ధానికి పోవడం కంటే క్రికెట్ ఆడటమే ఆ కొలువులో అసలు పని. తర్వాతి కాలంలో ముస్తాక్ అలీ, సర్వాతే, నాయుడు గారి తమ్ముడు సి.ఎస్. నాయుడు అందరూ హోల్కర్ జట్టుకే ఆడారు. యుద్ధకాలంలో సైన్యంతో పాటు మన దేశానికి వచ్చిన డెనిస్ కాంప్టన్ కూడా 1944-45 రంజీ ఫైనల్లో ఆ జట్టు తరఫునే ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. దేశం నలుమూలల నుంచి మేటి ఆటగాళ్లను జీతం ఇచ్చి తెచ్చుకోవడం, విదేశీ ఆటగాణ్ణి దించడం, ఒక ఊరి పేరు పెట్టుకోవడం... ఇవన్నీ 2008లో ఐపీఎల్‌తో పుట్టాయనుకుంటే పొరపాటు. హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది.

ఆ 1944-45 ఫైనల్లోనే సి.ఎస్. నాయుడు రెండు ఇన్నింగ్సుల్లో కలిపి 917 బంతులు వేశాడు. ఒక్క మ్యాచ్‌లో అన్ని బంతులు వేసినవాడు ప్రపంచంలో మరొకడు లేడు. ఇవాళ టీ20లో ఒక బౌలర్‌కు 24 బంతులు. ఈ రెండు అంకెల్నీ గుర్తుంచుకోండి. నేను ఇవాళ చెప్పబోయేదంతా వాటి మధ్యనే ఉంది.

వాణిజ్య ప్రకటనల సంగతీ చెప్పాలి. మన క్రికెటర్లలో ఒక సరుకు ప్రకటనలో కనపడిన మొదటివాడిగా సి.కె. నాయుడినే చెబుతారు. 1940ల తొలినాళ్లలో బాత్‌గేట్ లివర్ టానిక్‌కు ఆయన బొమ్మ వాడారు. దీన్ని తప్పుగా చూడాల్సిన పనిలేదు. రాజుగారి కొలువు రాజుగారి మనసు బాగున్నంతకాలమే. ఆటగాడు తన కష్టానికి, తన పేరుకు నాలుగు డబ్బులు సంపాదించుకోవడం గౌరవమైన పనే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇప్పుడు ఇద్దరు సంస్థానాధీశుల కథ. 1932లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకు కెప్టెన్ పోరుబందరు మహారాజా. ఆట పెద్దగా రానివాడు, ఆ సంగతి తనకే బాగా తెలిసినవాడు. ఆ రోజుల్లో సంస్థానాధీశుడే నాయకుడుగా ఉండాలన్నది రివాజు. లార్డ్స్ టెస్టు వచ్చేసరికి ఆయన పక్కకు తప్పుకుని నాయకత్వం నాయుడు గారికి వదిలాడు. ఫీల్డింగ్‌లో చెయ్యి దెబ్బతిన్నా, నాయుడు గారు ఆ నొప్పితోనే బ్యాటింగ్‌కు దిగి మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు.

నాలుగేళ్ల తర్వాత 1936లో కెప్టెన్‌గా వెళ్లినవాడు మన విజయనగరం మహారాజకుమార్, విజ్జీ. ఆయన క్రికెట్‌కు చేసిన సేవ తక్కువది కాదు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను సొంత ఖర్చుతో ఈ దేశానికి తెచ్చి ఆడించాడు. ఆటకు విరివిగా డబ్బు పెట్టాడు. అయితే ఆ డబ్బుతో, పలుకుబడితో కెప్టెన్సీ కూడా తనదే కావాలన్నాడు. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. ఆ పర్యటనలో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టు కాకముందే ఇంటికి పంపేశారు. నాయుడు గారు అదే జట్టులో మామూలు సభ్యుడిగా, తనకంటే ఎన్నో మెట్లు కింద ఉన్న నాయకుడి కింద ఆడారు. తర్వాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ అమర్‌నాథ్‌ను నిర్దోషి అంది, కెప్టెన్‌ను తప్పుపట్టింది.

ఇద్దరూ డబ్బున్నవాళ్లే. ఇద్దరూ ఆటను పోషించినవాళ్లే. తేడా ఒక్కటే. ఎక్కడ ఆగి పక్కకు తప్పుకోవాలో ఒకరికి తెలుసు, రెండోవారికి తెలియలేదు. సంప్రదాయానికీ వాణిజ్యానికీ మధ్య గొడవ అని మనం దేన్ని అంటున్నామో, దాని అసలు రూపం నాకు ఇక్కడ కనపడుతుంది. డబ్బు రావడం వల్ల ఆట చెడదు. డబ్బు పెట్టినవాడు బ్యాటు పట్టుకుని క్రీజులోకి వస్తానన్నప్పుడు చెడుతుంది. ఎవరు ఆడాలి, ఎన్ని రోజులు ఆడాలి, ఏ కాలంలో ఆడాలి అన్నది ఆట తెలిసినవాళ్లు ఆట కోసం తేల్చాలి.

గతాన్ని మొత్తంగా నెత్తిన పెట్టుకోకూడదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. నాయుడు గారు పేరు తెచ్చుకున్న బొంబాయి పోటీలు మతాల వారీగా జరిగేవి. హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు. 1937 నుంచి 'మిగిలినవారు' అన్న ఐదో జట్టు. ఆ మ్యాచ్‌లకు స్టేడియం నిండిపోయేది, గేటు వసూళ్లు దండిగా ఉండేవి. అదే కాలంలో రంజీ ట్రోఫీకి జనం పలచగా వచ్చేవారు. లాభం ఒక్కటే కొలమానం అయితే మతాల పోటీనే ఉంచి, రంజీని మూసేయాలి. 1940లో గాంధీజీ ఆ పోటీల్ని వ్యతిరేకించారు. వాదోపవాదాలు నడిచాయి. 1946లో ఆ పోటీ నిలిచిపోయింది. రంజీ మిగిలింది. ఎక్కువ వసూళ్లు తెచ్చే ఆటను వద్దనుకుని, దేశానికి మంచిదైన ఆటను ఎంచుకున్న సందర్భం మన చరిత్రలో ఉంది. అది ఒకసారి చేయగలిగినవాళ్లం మళ్లీ చేయలేమా?

మన ఊరికి వద్దాం. హైదరాబాద్ క్రికెట్‌కు తొలినాళ్ల పెద్ద దాతల్లో ఒకరు నవాబ్ మొయినుద్దౌలా. 1930-31లో మొదలైన ఆయన పేరిటి గోల్డ్ కప్ కోసం దేశంలోని మేటి ఆటగాళ్లంతా ఇక్కడికి వచ్చేవారు. హాబ్స్, సట్‌క్లిఫ్ కూడా ఆ పోటీలో ఆడారు. 1937-38లో బొంబాయిలో జరిగిన రంజీ ఫైనల్లో ఎడుల్జీ ఐబరా 137 పరుగులతో అజేయంగా నిలవగా, హైదరాబాద్ ఒకే ఒక్క వికెట్ తేడాతో నవానగర్‌ను ఓడించింది. సంస్థానాలు పోయాక ఆ బాధ్యత బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు ఎత్తుకున్నాయి. స్టేట్ బ్యాంక్, రైల్వే, ఇతర సంస్థల జట్లు. ఉదయం ఆఫీసులో సంతకం, మధ్యాహ్నం నెట్స్. లీగ్ మ్యాచ్ ఉంటే సెలవు. అజారుద్దీన్ కూడా స్టేట్ బ్యాంక్ ఉద్యోగే.

ఆ ఉద్యోగం ఏమిచ్చిందో సూటిగా చెబుతాను. సమయం ఇచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడు రెండు సీజన్లు సరిగా ఆడకపోయినా ఇంట్లో పొయ్యి వెలిగేది. వెలిగింది కాబట్టి అతను మూడో సీజన్ దాకా ఆగగలిగాడు. ఒక ఆఫ్ స్పిన్నర్‌కు బంతిని ఎప్పుడు నెమ్మదిగా వదలాలో తెలియడానికి పదేళ్లు పడుతుంది. ఎం.ఎల్. జయసింహ 1960లో కలకత్తా టెస్టులో ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన తొలి ఆటగాడయ్యాడు. ఆ ఓర్పు ఒక్క సీజన్‌లో పట్టుబడేది కాదు. పటౌడీ భారత జట్టుకు కెప్టెన్‌గా ఉంటూనే రంజీలో హైదరాబాద్ తరఫున జయసింహ కెప్టెన్సీలో ఆడేవాడు. 1971లో వెస్టిండీస్ వెళ్లిన భారత జట్టులో ఐదుగురు హైదరాబాదీలు: జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్. 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీ మీద గెలిచిన రంజీ ట్రోఫీ ఆ ఏర్పాటుకు కాసిన ఆఖరి పండు. అప్పటి నుంచి ఇప్పటిదాకా హైదరాబాద్ మళ్లీ ఆ ట్రోఫీ ఎత్తలేదు.

ఆ కాలంలోని లోటు కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ క్రికెట్ ఎక్కువగా పట్నానిది. కొన్ని పేరున్న స్కూళ్లది, కొన్ని క్లబ్బులది. ఆంధ్ర జట్టు 1953-54లో రంజీలో అడుగుపెట్టినప్పుడు దానికి నాయకత్వం వహించింది సాక్షాత్తూ సి.కె. నాయుడు గారే. అప్పటికి ఆయన వయసు యాభై ఏడు దాటింది. అయినా కడప నుంచో, ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో ఒక పేద పిల్లవాడు పెద్ద ఆటలోకి రావడానికి దారి లేకుండానే దశాబ్దాలు గడిచాయి. అమ్మాయిల సంగతి మరీ అన్యాయం.

డబ్బు ఎలా వచ్చిందన్నది త్వరగా చెప్పి ముందుకు పోతాను. 1983లో మన జట్టు ప్రపంచకప్ గెలిస్తే, ఆటగాళ్లకు బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బు లేక లతా మంగేష్కర్ గారు ఢిల్లీలో కచేరీ చేసి నిధులు సమకూర్చారు. ఆటగాడికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. 1993 హీరో కప్ ప్రసారం మీద దూరదర్శన్‌తో మొదలైన గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, ఏ ఒక్కరి గుత్తసొత్తూ కాదని 1995 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు తెరుచుకున్నాక వచ్చిన వరద మనకు తెలుసు. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఒక్కో మ్యాచ్‌కు వంద కోట్ల పైమాటే. లక్ష రూపాయల కోసం కచేరీ పెట్టిన రోజులే మంచివని అనే హక్కు నాకు లేదు. ఆ రోజుల్లో ఆడి, ముసలితనంలో మందులకు వెతుక్కున్న ఆటగాళ్లు ఎంతోమంది ఉన్నారు.

అయితే ఆ డబ్బు ఊరి పేరుతో వచ్చినప్పుడు ఏం చేస్తుందో మన హైదరాబాదే చూసింది. 2008లో డెక్కన్ ఛార్జర్స్ పుట్టింది. వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు 'ఐకాన్' ఆటగాడి హోదా దక్కాల్సి ఉండగా, దాన్ని తీసుకుంటే జట్టుకు వేలంలో ఖర్చుపెట్టే సొమ్ము తగ్గుతుందని ఆయనే వదులుకున్నాడు. తన ఊరి జట్టు బాగుండాలని ఒక ఆటగాడు చేసిన త్యాగం అది. మొదటి ఏడాది జట్టు అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. 2011కు లక్ష్మణ్ ఆ జట్టులో లేడు. కొచ్చి జట్టు కొనుక్కుంది. ఆ కొచ్చి జట్టు ఒక్క సీజన్‌కే రద్దయింది. 2012లో డెక్కన్ ఛార్జర్స్ కూడా రద్దయింది. వివాదం కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. ఈడెన్ గార్డెన్స్‌లో 281 పరుగులు చేసిన మనిషి ఐపీఎల్‌లో ఆడిన రెండు జట్లూ ఇవాళ లేవు. 1934 నుంచి రంజీ ఆడుతున్న హైదరాబాద్ జట్టు మాత్రం పడుతూ లేస్తూ ఉంది. ఒక ఊరి పేరు మోసే అర్హత దేనికి ఎక్కువ ఉందో మీరే చెప్పండి.

సన్‌రైజర్స్ వచ్చింది. 2016లో గెలిచింది. ఉప్పల్ స్టేడియం నారింజ రంగుతో నిండిపోతుంది. ఆ ఉత్సాహం నిజమైనది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంటిల్లిపాదీ కలిసి వచ్చి మూడు గంటలు ఆనందంగా గడిపే చోటు మన నగరాల్లో ఎన్ని ఉన్నాయి? కానీ 2025 ఏప్రిల్ 6న అదే ఉప్పల్‌లో జరిగింది ఆలోచించండి. ఈ ఊరి గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆట నేర్చుకున్న, ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ గుజరాత్ చొక్కా వేసుకుని 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. హైదరాబాద్ పేరున్న జట్టు మీద. సొంత ఊరి జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియని స్థితి అది. మొదటి సీజన్లలో చుట్టుపక్కల ప్రాంతపు ఆటగాళ్లను కొందరినైనా తీసుకోవాలన్న నియమం ఉండేది. దాన్ని ఎత్తేశారు. తిరిగి తేవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

సిరాజ్ దారి వివరంగా చూడండి, ఈ వాదనకు అందులోనే జవాబు ఉంది. అతను 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీశాడు. ఆ వికెట్లు చూసి 2017 ఫిబ్రవరి వేలంలో 20 లక్షల ప్రారంభ ధర మీద 2 కోట్ల 60 లక్షలు పెట్టి కొన్నారు. ఆ డబ్బు ఆ కుటుంబాన్ని ఒక్క రోజులో పైకి తెచ్చింది. బ్యాంకు ఉద్యోగం పాతికేళ్లలో చేసే పని వేలం ఒక్క పూటలో చేసింది. తర్వాత 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 1,100కు పైగా బంతులు వేశాడు. 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4 ఉదయం ఓవల్‌లో ఆఖరి వికెట్ అతనిదే. మనం 6 పరుగుల తేడాతో గెలిచాం. ఐదో టెస్టు ఐదో రోజున ఆ పరుగు, ఆ వేగం ఎక్కడివి? నాలుగు ఓవర్ల ఆటలో అలవడేవి కావు. రంజీలో నాలుగు రోజుల పాటు, పచ్చిక లేని పిచ్ మీద, ఖాళీ గ్యాలరీల ముందు, సాయంత్రపు మూడో స్పెల్‌లో పరుగెత్తినప్పుడు అలవడ్డవి. రంజీ అతన్ని తయారు చేసింది, ఐపీఎల్ నిలబెట్టింది. ఈ రెండూ ఉండాలి. కాని వరుస ముఖ్యం.

ఆ వరుస ఎక్కడ తారుమారవుతోందో అంకెలు చెబుతాయి. రంజీలో 20 లోపు మ్యాచ్‌లు ఆడిన కుర్రాడికి 2021లో పెంచిన లెక్క ప్రకారం రోజుకు 40,000 రూపాయలు. నలభైకి పైగా ఆడిన అనుభవజ్ఞుడికి 60,000. ఏడు లీగ్ మ్యాచ్‌లు, ఇరవై ఎనిమిది రోజులు ఎండలో నిలబడితే మొదటివాడికి 11 లక్షల 20 వేలు, రెండోవాడికి 16 లక్షల 80 వేలు. ఐపీఎల్ పెద్ద వేలంలో 2025 సీజన్‌కు కనీస ధరే 30 లక్షలు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా రెండు నెలలు బెంచీ మీద కూర్చున్నా వచ్చేది అది. ఆడితే మ్యాచ్‌కు మరో ఏడున్నర లక్షలు. ఈ లెక్కలు తెలిసిన తండ్రి కొడుకుని ఎటు పంపుతాడు? ఆ తండ్రిని నేను తప్పుపట్టను. తప్పు లెక్క రాసినవాళ్లది.

ఇంకో నిజం ఉంది. 1934-35లో మొదలైన రంజీ ట్రోఫీ రెండో ప్రపంచయుద్ధంలోనూ ఆగలేదు, దేశ విభజన ఏడాదిలోనూ ఆగలేదు. కోవిడ్ కారణంగా 2020-21లో ఆగింది. అదే 2020లో ఐపీఎల్ ఎడారి దేశానికి తరలి వెళ్లి పూర్తిగా జరిగింది. ప్రాణభయం నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఒకదానికి విమానాలు, హోటళ్లు, పరీక్షలు ఏర్పాటు చేయగలిగిన చేతులే రెండోదాన్ని వదిలేశాయి. ఆ సీజన్ పోగొట్టుకున్న ఆటగాళ్లకు తర్వాత సగం మ్యాచ్ ఫీజు పరిహారంగా ఇచ్చారు. డబ్బు ఇవ్వగలిగారు, పోయిన సీజన్‌ను ఇవ్వలేకపోయారు. 2024-25 నుంచి రంజీని రెండు ముక్కలు చేసి మధ్యలో తెల్ల బంతి పోటీల్ని పెట్టారు. ఉత్తరాదిలో మంచు అన్న కారణం సబబైనదే అయినా, ఎర్ర బంతికి అలవాటుపడుతున్న కుర్ర బౌలర్ శరీరాన్ని మధ్యలో లాగి మళ్లీ మొదటికి తెచ్చే ఏర్పాటు ఇది.

జనం చూడరు కాబట్టి ఇలా చేస్తున్నామంటారు. 2025 జనవరి 30న విరాట్ కోహ్లీ పన్నెండేళ్ల తర్వాత ఢిల్లీ తరఫున రంజీ ఆడితే తెల్లవారుజాము నుంచే గేట్ల దగ్గర బారులు తీరారు. ఎదుటి జట్టు రైల్వేస్. కోహ్లీని 6 పరుగులకు బౌల్డ్ చేసిన హిమాంశు సంగ్వాన్ పేరు దేశమంతా ఆ మ్యాచ్‌తోనే విన్నది. జనానికి రంజీ మీద ద్వేషం లేదు. పెద్ద ఆటగాళ్లు రాని ఆటకు జనం ఎందుకొస్తారు? ఆ సీజన్‌లో పెద్దవాళ్లంతా దేశవాళీ ఆడాలని బోర్డు గట్టిగా చెప్పడం మంచి పని. ఓడినప్పుడు గుర్తొచ్చి, గెలవగానే మరిచిపోయేదిగా అది మారకూడదు.

మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి గురించి ఒక మాట. 2024 ఐపీఎల్‌లో వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకుని, అదే ఏడాది డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. కొత్త ఆట నుంచి పాత ఆటకూ దారి ఉందని చూపించాడు. ఆ కుర్రాడు బౌలింగూ బ్యాటింగూ రెండూ చేయగల అరుదైనవాడు. అలాంటివాళ్లు ఇంకా రావాలంటే 2023లో ఐపీఎల్‌లో తెచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనను తీసేయాలి. పన్నెండో మనిషిని మార్చుకునే వీలుంటే ఆల్‌రౌండర్‌కు బంతి ఎవరిస్తారు? రోహిత్ శర్మ ఈ మాట బాహాటంగానే అన్నాడు.

అమ్మాయిల విషయానికి వచ్చేసరికి నా వాదన దిశ మార్చుకోవాలి, ఎందుకంటే సంప్రదాయం వాళ్లకు ఏమీ ఇవ్వలేదు. మిథాలీ రాజ్ మన సికింద్రాబాద్‌లో నెట్స్‌లో ఎదిగింది. 2002లో టాంటన్ టెస్టులో 214 పరుగులు చేసింది. ఆ రోజుల్లో మహిళల జట్లు రిజర్వేషన్ లేని బోగీల్లో ప్రయాణించి, డార్మిటరీల్లో నేల మీద పడుకుని ఆడేవి. రైల్వే ఉద్యోగం ఒక్కటే వాళ్లకు ఆసరా. 2006లో గాని మహిళల క్రికెట్ బోర్డు పరిధిలోకి రాలేదు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ ఐదు జట్లు సుమారు 4,670 కోట్లకు అమ్ముడుపోయాయి. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఆ లీగ్‌లో ఆడింది, 2025 నవంబర్ 2న నవీ ముంబయిలో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష అదే ఏడాది అండర్-19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి. వాణిజ్యాన్ని మొత్తంగా తిట్టేవాళ్లు ముందు ఈ ఇద్దరి ఇంటికి వెళ్లి ఆ మాట అనగలగాలి. ఈ అమ్మాయిలకు ఇంకా దక్కనిది ఒకటుంది, తరచుగా టెస్టులు. లీగ్ సొమ్ములోంచి వాళ్లకు నాలుగు రోజుల దేశవాళీ మ్యాచ్‌లు ఏటా పెట్టాలి. మిథాలీ ఇరవై మూడేళ్లు ఆడి పన్నెండు టెస్టులకే పరిమితమైంది. శ్రీచరణి తరం అలా మిగలకూడదు.

మన రెండు రాష్ట్రాల క్రికెట్ సంఘాలకూ బోర్డు నుంచి ఏటా కోట్లు వస్తున్నాయి. హైదరాబాద్ సంఘం గొడవలు ఎంత ముదిరాయంటే సుప్రీంకోర్టు 2023లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారితో ఏకసభ్య కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ 2022-23 సీజన్‌లోనే హైదరాబాద్ జట్టు రంజీలో ప్లేట్ గ్రూపుకు దిగజారింది. మరుసటి ఏడాది గెలిచి తిరిగి పైకొచ్చింది గాని, ఆ అవమానం ఆటగాళ్లు చేసుకున్నది కాదు. డబ్బు కొరత వల్ల వచ్చిందీ కాదు.

కాబట్టి బోర్డు పెద్దలకు నేను విన్నవించేది ఇది. రంజీ ట్రోఫీకి ఏడాదిలో ఎవరూ ముట్టుకోని కాలాన్ని కేటాయించండి. ముక్కలు చేయకండి. ప్రసార హక్కుల్లోంచి ఒక భాగాన్ని రంజీ ఆటగాడి రోజు కూలీకి చట్టంలా కట్టేయండి, హక్కుల ధర పెరిగినప్పుడల్లా అదీ పెరగాలి. రంజీలో ఒక సీజన్ అయినా ఆడనివాడు వేలంలోకి రాకూడదన్న నియమం పెట్టండి. జిల్లాల్లో రెండు రోజుల, మూడు రోజుల లీగ్ మ్యాచ్‌లు తిరిగి తెండి. ఫ్రాంఛైజీ యజమానులారా, మీరు పెట్టిన డబ్బుకు ఈ దేశం రుణపడి ఉంది. పోరుబందరు మహారాజాకూ అలాగే రుణపడి ఉంది. ఆయన చేసినట్టు చేయండి.

నాయుడు గారి పేరు మీద ఏటా అండర్-23 కుర్రాళ్లకు నాలుగు రోజుల పోటీ జరుగుతుంది, కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ. ఆయనకు మనం కట్టగలిగిన విగ్రహాలన్నిటికంటే అది గొప్పది. ఈసారి ఆ మ్యాచ్ గాని, రంజీ మ్యాచ్ గాని ఉప్పల్‌లోనో విశాఖలోనో జరిగినప్పుడు ఒక్క పూట వెళ్లండి. మీ పిల్లల్ని, మనవల్ని తీసుకెళ్లండి. మధ్యాహ్నం అలసిపోయిన బౌలర్ మళ్లీ రన్నప్ మొదట్లోకి నడిచి వెళ్తుంటే చూడండి, చప్పట్లు కొట్టండి. చాలాచోట్ల టికెట్ కూడా అక్కర్లేదు.